గుర్రానికి మళ్లీ కవచం తొడిగిన ఏలినవారికి

మహారాజశ్రీ రీమాస్టర్ ఆటల కంపెనీల అధిపతుల సముఖానికి, పాత రోల్‌ప్లేయింగ్ ఆటల మీద మోజు చావని ప్రజ నమస్కరించి చేసుకునే విన్నపం.

ఏలినవారి దయవల్ల ఎల్డర్ స్క్రోల్స్ ఆబ్లివియన్ 2025 ఏప్రిల్ 22న కొత్త ముస్తాబుతో వచ్చింది. ప్రకటించిన రోజే అమ్మకానికి పెట్టారు, మహా సంతోషం. మామూలు ఎడిషన్ 50 డాలర్లు, డీలక్స్ 60. ఆ పై పది డాలర్లకు ఏమొస్తుందయ్యా అంటే డిజిటల్ ఆర్ట్‌బుక్, పాటలు, కొన్ని కొత్త ఆయుధాలు. ఇంకా, గుర్రానికి కవచం.

గుర్రానికి కవచం! 2006లో ఇదే ఆటలో ఇదే సరుకు రెండున్నర డాలర్లకు అమ్మితే లోకం పగలబడి నవ్వింది. ఆటలో అలంకారాలు విడిగా అమ్మే జబ్బుకు ఈనాటికీ దాని పేరే చెబుతారు. పాత కవచాన్ని ఆటలో కలిపే ఇచ్చారు, కాదనడం లేదు. అందుకే కాబోలు, డీలక్స్ కోసం కొత్తది కుట్టించారు! తమ మీద పడిన జోకును పందొమ్మిదేళ్ల తర్వాత తామే అమ్ముకుంటున్నారంటే ఆ తెలివికి దండం పెట్టాలో తల బాదుకోవాలో ప్రజకు తెలియడం లేదు.

కవచానికి దొరికిన తీరిక మిగతా వాటికి దొరకలేదు. లోపల పాత ఇంజనే తిరుగుతోంది, పైన అన్‌రియల్ 5 బొమ్మలు గీస్తోంది. అయిదు జీబీ లోపు ఉన్న ఆటకు ఇప్పుడు 125 జీబీ ఖాళీ చేయాలి. ఊరి గోడ దాటి బయలు నేల మీదికి వస్తే మంచి కంప్యూటర్ కూడా తడబడుతోంది. లెవెల్ పెరిగే పద్ధతి సరిచేశారు, పరుగు పెట్టే వీలిచ్చారు, నిజంగా మేలే. కానీ వేల నాణేలు పలికే గాజు కవచం తొడుక్కున్న దారిదోపిడీగాడు ఇంకా నూరు నాణేలకే అడ్డం నిలబడుతున్నాడు. రికార్డింగులో డైలాగు తప్పి మళ్లీ చెబుతానన్న నటి గొంతు కూడా అలాగే ఉంది. అది మాత్రం తీయనందుకు వెయ్యి దండాలు.

కొనొచ్చా మరి? ఆబ్లివియన్ ఎన్నడూ ఆడనివాళ్లు కొనొచ్చు, ఆడినవాళ్లు ధర తగ్గేదాకా ఆగొచ్చు. పాత ఆటను సరిగ్గా ముస్తాబు చేయడం చేతనైనవాళ్లూ ఉన్నారు. 2021లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ లెజెండరీ ఎడిషన్ మూడు ఆటల్నీ ఒకచోట చేర్చి, మొదటి ఆటలో కాల్పుల అవస్థ తీర్చింది. డయాబ్లో 2 రిసరెక్టెడ్‌లో ఒక్క మీట నొక్కితే 2000 నాటి రూపం తెర మీదికి వస్తుంది. పనితనమంటే అదీ!

ఇక పాత ఆటల సోర్స్ కోడ్ సంగతి. ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ కోడ్ మిగల్లేదని 2025 ఎడిషన్ కోసం పాత ఆటను చూసుకుంటూ మళ్లీ కట్టారు. ఐస్‌విండ్ డేల్ 2 కోడ్ దొరకలేదని కొత్త ఎడిషనే తీయలేదు. మాస్ ఎఫెక్ట్‌లోనూ అంతే, మొదటి ఆటకు అదనంగా వచ్చిన పినకిల్ స్టేషన్ భాగాన్ని కోడ్ పాడైందని వదిలేశారు. కోట్లు తెచ్చిపెట్టిన ఆటల కోడ్ ఎలా పోతుందండీ? ఊళ్లో ఫొటో స్టూడియోవాడు కూడా నెగటివ్‌లు జాగ్రత్త చేసేవాడే.

కోడ్ పోగొట్టుకుంటే పొరపాటు అనుకుందాం. ఉన్న ఆటను కావాలని దాచేస్తే ఏమనాలి? 2018లో డార్క్ సోల్స్ రీమాస్టర్ తెస్తూ పాత పీసీ ఎడిషన్ అమ్మకం ఆపేశారు. పాతది ఉన్నవాళ్లకు సగం ధరకిచ్చారు, నిజమే. 2021లో ఫైనల్ ఫాంటసీ 5, 6 పాత పీసీ ఎడిషన్లూ అలాగే స్టీమ్ నుంచి వెళ్లిపోయాయి. వాటి బదులు వచ్చిన కొత్తవాటిలో అక్షరాలు చూసి జనం గోల పెడితే, 2023లో కన్సోళ్లకు వచ్చినప్పుడు గానీ పాత తరహా ఫాంట్ పెట్టలేదు.

ఆబ్లివియన్ పాతది ఇంకా అమ్ముతూనే ఉన్నారు. ఆ పద్ధతి మిగతా ఏలినవారికీ చెప్పండి. 2016లో ఇదే సిరీస్‌లోని స్కైరిమ్‌ను అన్ని అదనపు భాగాలతో (డీఎల్‌సీలతో) పీసీలో కొన్నవాళ్లకు కొత్త ఎడిషన్ ఉచితంగానే ఇచ్చారు కదా, ఈసారి సగం ధరకైనా ఇవ్వాల్సింది. అదీ కుదరదంటే పోనీ, పూర్తి ధరే పెట్టి కొంటాం. పాతదాన్ని మాత్రం తీసేయకండి, మీకు పుణ్యం ఉంటుంది.