మార్టూరు గోడలో రాగి తీగ: ఒక ఆత్మకథ

మిర్చి టిక్కీల లారీలు, గ్రానైటు పలకలు మోసే ట్రాలీలు రాత్రీ పగలూ తిరిగే పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఉంది మార్టూరు. ఆ ఊళ్లో ఒక మిర్చి రైతు ఇంటి ముందుగదిలో, టీవీ వెనక మొదలై గోడలోంచి, నేల కిందనుంచి సోఫా వెనకున్న స్పీకర్ల దాకా వెళ్లే రాగి తీగ చెబుతున్న కథ ఇది. తన గురించి చెప్పుకునేటప్పుడూ అది ‘ఈ తీగ’ అనే అంటుంది. చెప్పదలచుకున్నది తన గొప్పతనం కాదు. ఇంట్లో పాటకీ సినిమాకీ తీగ ఎక్కడ కావాలి, గాలి ఎక్కడ సరిపోతుంది అన్నదే దాని విషయం.

ఈ తీగలోని రాగి గుజరాత్ తీరంలో దహేజ్‌లో శుద్ధి అయింది. అక్కడ విద్యుత్తుతో శుభ్రం చేసిన రాగి స్వచ్ఛత 99.99 శాతం. దాన్ని కడ్డీలుగా పోసి, సన్నని రంధ్రాల్లోంచి, అంతకన్నా సన్నని రంధ్రాల్లోంచి లాగి పోగులు తీశారు. ఆ పోగుల్ని మెలిపెట్టి 1.5 చదరపు మిల్లీమీటర్ల మందంతో రెండు పాయలు చేశారు. ఒకదానికి ఎర్ర తొడుగు, రెండోదానికి నల్ల తొడుగు వేశారు. రాగి ఈ ప్రాంతానికి కొత్తదేం కాదు. వినుకొండ అవతల అగ్నిగుండాల కొండల్లో రాగి, సీసం నిక్షేపాలున్నాయి.

ఈ తీగ మార్టూరు చేరింది 2006లో. ఆ ఏడు మిర్చి డబ్బు చేతికి రాగానే ఇంటాయన కొత్త ఇల్లు మొదలుపెట్టాడు, 5.1 హోమ్ థియేటర్ కూడా కొన్నాడు. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, ఒక సబ్‌ ఊఫర్. పెట్టెతో పాటు వచ్చిన వైరు చూసి ఎలక్ట్రీషియన్ తల అడ్డంగా ఊపాడు.

“బాబాయ్, ఇది మరీ దారప్పోగులా ఉంది. వెనక స్పీకర్లకి చాలదు. గుంటూరు నుంచి మంచి వైరు తెప్పించు, గ్రానైటు పరిచేలోపే పైపులో లాగేస్తా” అన్నాడు.

అతని మాట వెనక లెక్క ఉంది. పెట్టెలో వచ్చిన తీగ మందం అర చదరపు మిల్లీమీటరు. యాంప్లిఫయర్ నుంచి వెనక స్పీకరు పది మీటర్ల దూరంలో ఉంటే, కరెంటు పోవడానికి పది, రావడానికి పది, మొత్తం ఇరవై మీటర్ల రాగి. అంత పొడవుకి ఆ సన్నని తీగ నిరోధం ముప్పాతిక ఓమ్ దగ్గరికి వస్తుంది. హోమ్ థియేటర్ స్పీకర్లు చాలావరకు నాలుగు ఓమ్‌లవే. అంటే యాంప్లిఫయర్ ఇచ్చిన శక్తిలో దాదాపు ఆరో వంతు స్పీకరు చేరకుండానే తీగలో వేడిగా పోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల ఈ తీగలో పోయేది దాదాపు పదహారో వంతు. అంతకు మించిన మహత్యం స్పీకరు తీగలో లేదు. సరిపడా మందం, అసలైన రాగి, గట్టి బిగింపు ఉంటే చాలు. వేల రూపాయలు పోసి కొనే అలంకారపు తీగలు ఇంతకంటే వేరే పని చెయ్యవు.

అసలైన రాగో కాదో ఎలక్ట్రీషియన్ అక్కడే తేల్చాడు. ఒక పోగు తీసి బ్లేడుతో గీకాడు. లోపల కూడా ఎర్రగానే ఉంది. తెల్లగా బయటపడితే అది రాగి పూత వేసిన అల్యూమినియం. కరెంటు మోయడంలో దాని సత్తా రాగిలో మూడింట రెండొంతులే. తర్వాత అర అంగుళం తొడుగు ఒలిచి, పోగుల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెట్టి, యాంప్లిఫయర్ వెనకున్న ఎర్ర క్లిప్పు నొక్కి దూర్చాడు. మెలికలోంచి తప్పించుకున్న ఒక్క పోగు పక్కనున్న నల్ల క్లిప్పుకి తగిలింది. యాంప్లిఫయర్ వెంటనే ఆగిపోయింది. తీగ బయటికి లాగి, చివర కత్తిరించి, మళ్లీ ఒలిచి, మళ్లీ మెలిపెట్టాడు. రెండు చివరలా ఎర్రది ఎరుపుకి, నల్లది నలుపుకి కలిసిందో లేదో చూసుకున్నాడు. ఒక స్పీకరుకి అవి తారుమారైతే, ఒక కోను ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోయి, డోలు మోతలాంటి కింది స్థాయి శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

ఈ ఊళ్లకి తీగ కంటే ముందొచ్చింది గాలే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియో ఉన్న ఇళ్లలో గోడనుంచి గోడకి రాగి జాలీ ఏరియల్ కట్టి, దాన్నుంచి ఒక తీగను రేడియో వెనక్కి దించేవాళ్లు. టీవీ కూడా అలాగే వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ‘సైట్’ ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకి అమెరికా ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందాయి. ఆకాశంలో దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తునుంచి జాలీ గొడుగు దాకా తరంగాలు తీగ లేకుండానే వచ్చాయి. గొడుగు నుంచి టీవీ దాకా ఉన్న చివరి కొన్ని మీటర్లు మాత్రం తీగే మోసింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. ఆ తర్వాత డాబాల మీద ఏరియళ్లు, వాటినుంచి కిటికీలోకి దిగే చదును తీగలు వచ్చాయి. 1995లో ఈటీవీ, జెమినీ మొదలైన కాలానికి కేబుల్ ఆపరేటర్ల నల్లని కోయాక్సియల్ తీగ స్తంభం నుంచి డాబాకి, డాబా నుంచి డాబాకి పాకింది.

ఊరుమ్మడి సౌండుకి ఇంకో సంప్రదాయం ఉంది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లెల నుంచి విద్యుత్ ప్రభలు కదులుతాయి. వాటి వెంట మైకుసెట్లు, జనరేటర్లు ఉంటాయి. మైకుసెట్టు వాళ్లు హారన్లకి సన్నని తీగనే వీధి పొడవునా లాగగలరు, ఎందుకంటే వాళ్ల యాంప్లిఫయర్ 100 వోల్టుల లైను మీద పనిచేస్తుంది. వోల్టేజి పెంచితే అంతే శక్తికి కరెంటు తగ్గుతుంది, తీగలో నష్టమూ తగ్గుతుంది. హారన్ దగ్గరున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ వోల్టేజిని దించుతుంది. సబ్‌స్టేషన్ నుంచి ఊరికొచ్చే కరెంటుకీ ఇదే సూత్రం. ఇంట్లోని ఈ తీగకి ఆ వెసులుబాటు లేదు కాబట్టే దానికి మందం అవసరమైంది.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. అప్పట్లో నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, 250 చానళ్లు, ఫోను. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే గాజు తీగ లాగడం వల్ల ఖర్చు తగ్గింది. హెచ్‌డీ సినిమా చూడటానికి 5 ఎంబీపీఎస్ చాలు కాబట్టి ఆ 15 ఒక కుటుంబానికి మంచి మొదలే. అప్పటిదాకా డీవీడీల మీద బతికిన ముందుగదికి సినిమా ఇంటర్నెట్‌లో రావడం మొదలైంది.

గోడ దాకా గాజు తీగలో వచ్చిన సినిమా రౌటర్ దగ్గర గాలిలోకి దిగింది. మరుసటి ఏడాది ఇంటాయన కొడుకు బ్లూటూత్ సౌండ్‌బార్ తెచ్చాడు. వెనక స్పీకర్లు తీసి అటక మీద పెట్టారు. ఈ తీగ రెండు చివరలకీ ఇన్సులేషన్ టేపు చుట్టారు.

సౌండ్‌బార్‌లో పాటలు బాగానే వినిపించాయి. ఈ తీగ ఆ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకుంటుంది. బ్లూటూత్‌లో అందరూ వాడే ఎస్‌బీసీ పద్ధతి పాటని కుదించి సెకనుకి గరిష్ఠంగా 328 కిలోబిట్ల దాకా పంపుతుంది. సీడీలో ఉండేది 1,411 కిలోబిట్లు. అయినా ఫోన్‌లోంచి పెట్టుకునే పాటలో ఆ తేడా చాలామంది చెవికి అందదు. చిక్కు సినిమా దగ్గర వచ్చింది. ఒక ఆదివారం ‘మాయాబజార్’ పెడితే ఎస్వీ రంగారావు పెదవులు ముందు కదిలాయి, మాట వెనక వచ్చింది. ఘటోత్కచుడి గొంతు ఆయన ముఖానికి అతకలేదు.

ఇంజినీరింగ్ చదివే మనవరాలు కారణం పట్టుకుంది. “తాతయ్యా, టీవీ మాటని కుదించాలి, గాలిలో పంపాలి, అక్కడ బార్ దాన్ని మళ్లీ విప్పాలి. బ్లూటూత్‌లో దానికి మామూలుగా సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది” అంది. ధ్వని బొమ్మ కంటే 125 మిల్లీసెకన్లు ఆలస్యమైతే మనిషి గమనించడం మొదలవుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల యూనియన్ సిఫార్సు పత్రం చెబుతుంది. ఐదో వంతంటే 200 మిల్లీసెకన్లు. తక్కువ ఆలస్యంతో పనిచేసే బ్లూటూత్ పద్ధతులున్నాయి, కానీ వాటిని పంపేదీ అందుకునేదీ రెండూ అర్థం చేసుకోవాలి. ఆమె మెనూలు వెతకడం మానేసి టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న సాకెట్ నుంచి సౌండ్‌బార్‌కి ఒక హెచ్‌డీఎంఐ తీగ పెట్టింది. మూరెడు తీగతో రంగారావు గొంతు ఆయన పెదవుల మీదికి వచ్చింది.

తర్వాతి చిక్కు వైఫైది. ఇంట్లో 2.4 గిగాహెర్ట్జ్ గాలి మీద రౌటర్ ఉంటుంది, బ్లూటూత్ ఉంటుంది, పక్కింటి రౌటర్లుంటాయి, మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ దాపుల్లోనే పనిచేస్తుంది. ఆ గాలిలో ఒకదానిమీదొకటి పడకుండా వైఫైకి దొరికేవి 1, 6, 11 అనే మూడు చానళ్లే. సాగర్ కుడికాలువ నీళ్లు ఎగువ రైతులు తోడుకున్నాక చివరి భూములకి అందినట్టే, సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకున్నాక వెనక గదిలోని టీవీకి వైఫై అందేది. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువే, కానీ అది గోడల్ని అంతగా దాటలేదు. ఈ ఇంట్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఊచలు పరిచిన స్లాబు ఉన్నాయి. పైగా రౌటర్ ఇనప బీరువా వెనక ఉంది. బీరువాని పక్కకి జరిపితే సగం బాధ తీరింది. మిగతా సగం తీర్చడానికి రౌటర్ నుంచి టీవీకి క్యాట్ 6 తీగ వేశారు. అది 100 మీటర్ల దాకా సెకనుకి ఒక గిగాబిట్ మోస్తుంది, పక్కింటి వాళ్లు ఏం చూస్తున్నా దానికి పట్టింపు లేదు. టీవీ తీగ మీదికి వెళ్లాక ఖాళీ అయిన గాలి ఫోన్లకి దక్కింది.

తీగకి చేతకాని చోట్లున్నాయి. కల్లంలో మిరపకాయలు ఆరబోసి, తాలుకాయలు ఏరే ఆడవాళ్ల మధ్య చేటంత నీడలో ఒక బ్లూటూత్ స్పీకరు రోజంతా పాటలు పాడుతుంది. నీడ జరిగినప్పుడల్లా స్పీకరూ జరుగుతుంది. అక్కడికి ఏ తీగ వెళుతుంది? వంటింట్లో పాట, వరండాలో వార్తలు, నిద్రపోయే మనవడి పక్కన నాయనమ్మ చెవిలో ప్రవచనం, ఇవన్నీ గాలి చెయ్యాల్సిన పనులే. అయితే ‘వైర్‌లెస్’ స్పీకరుకి కూడా వెనక కరెంటు ప్లగ్గో, రాత్రి చార్జింగో తప్పదు. స్పీకరుకి పాట తెచ్చే తీగ పోయింది గానీ కరెంటు తెచ్చే తీగ పోలేదు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకి 90 నుంచి 100 కిలోమీటర్లు. మిర్చి, పత్తి, పొగాకు చేలు నీళ్లలో పడ్డాయి. ఈ ఇంటికి కరెంటు పోయింది, స్తంభం మీది గాజు తీగ తెగింది. బయట వేలాడే తీగకి గాలి, చెట్టుకొమ్మ, పిడుగు మూడూ శత్రువులే. గాజు తీగ తెగుతుంది గానీ దానిలో కరెంటు పారదు. పాత కేబుల్ రాగి మీద పిడుగుపాటు ప్రభావం నేరుగా టీవీ సాకెట్ దాకా వచ్చేది. అందుకే ఉరుములప్పుడు ఇళ్లలో ముందు కేబుల్ పిన్ను పీకేవాళ్లు. సెల్ టవర్ బ్యాటరీ ఉన్నంతసేపు ఫోన్లు పనిచేశాయి. అదీ అయిపోయాక ఇంట్లో మిగిలింది బ్యాటరీ రేడియో. తుపాను సంగతులు దానిలోనే విన్నారు.

ఇప్పుడా ఇంటి మీద పై అంతస్తు లేస్తోంది. మనవరాలూ ఎలక్ట్రీషియనూ గోడల మీద సుద్దతో గుర్తులు పెట్టారు. కదలని వస్తువులన్నిటికీ పైపులు: టీవీకి రెండు క్యాట్ 6 తీగలు, సీలింగులో వైఫై పెట్టెకి ఒకటి, వెనక స్పీకర్లకి మందపు రాగి. కరెంటు తీగలకీ వీటికీ ఒకే పైపు వాడొద్దని ఎలక్ట్రీషియన్ పట్టుబట్టాడు, అది భద్రత కోసం. హెచ్‌డీఎంఐ పిన్ను ముప్పాతిక అంగుళం పైపులోంచి దూరదు కాబట్టి టీవీ వెనక ఒకటిన్నర అంగుళాల పైపు అడిగారు. ఐదు మీటర్లు దాటితే 4కే బొమ్మకి మామూలు రాగి హెచ్‌డీఎంఐని నమ్మలేం, గాజు తీగతో చేసినది కావాలి.

“ఇంత పెద్ద పైపెందుకే?” అన్నాడు ఇంటాయన.

“రేపు ఏ పిన్ను వస్తుందో మనకేం తెలుసు తాతయ్యా? గ్రానైటు పరిచాక కొయ్యలేం కదా” అంది మనవరాలు.

ఊళ్లో పాలిష్ పట్టిన పలకలు వచ్చే సోమవారం వస్తాయి. ఈ తీగని కింది పైపులోంచి బయటికి లాగారు. చివర అంగుళం పచ్చగా చిలుము పట్టింది, మిగతాదంతా కొత్త రాగి రంగే. ఆ చిలుము ముక్క కత్తిరించి, ఓమ్ మీటరు పెట్టి చూసి, పైగది వెనక స్పీకర్లకి పొడవు సరిపోతుందని చుట్ట చుట్టి పక్కన పెట్టారు. అటక మీది స్పీకర్ల దుమ్ము దులిపారు. ఖాళీగా ఉండబోయే ప్రతి పైపులోనూ ముందుచూపుతో ఒక నైలాను తాడు వదిలారు. ఆదివారం సాయంత్రానికి తీగలు లాగడం అయిపోతే, సోమవారం పొద్దున మేస్త్రి పలకలు పరచడం మొదలుపెడతాడు.