రెండు బస్తాల ప్రజాస్వామ్యం

వీధుల్లో బండ్ల వేగం తగ్గించే పనిలో ప్రజల్ని ఎలా భాగస్వాములను చేయాలా అని పెద్దలు సెమినార్లలో తెగ మథనపడుతున్నారు. ఒకసారి హైదరాబాద్‌లోని మా కాప్రా వచ్చి చూస్తే వాళ్ళ దిగులు తీరుతుంది. ఇక్కడ ప్రజలు ఎప్పుడో భాగస్వాములైపోయారు. ఇక ప్రభుత్వాన్ని చేర్చుకోవడమే మిగిలింది.

పద్ధతి సులువు. వీధిలో ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు. స్లాబ్ పోసిన సాయంత్రం కాస్త మాలు మిగులుతుంది. పారబోయడం ఎందుకని మేస్త్రీ దాన్ని గేటు ముందు రోడ్డుకు అడ్డంగా పోసి, తాపీతో నాలుగు దెబ్బలు వేస్తాడు. తెల్లారేసరికి స్పీడ్ బ్రేకర్ రెడీ. టెండరు లేదు, ఫైలు లేదు, శిలాఫలకం అసలే లేదు. వచ్చే నెల ఎదురింటాయన పౌరుషానికి పోయి ఇంకోటి వేయిస్తాడు, ఇంకో రెండంగుళాలు ఎత్తుగా. రెండు బస్తాల సిమెంటు కొనగలిగిన ప్రతి పౌరుడూ మా దగ్గర ట్రాఫిక్ ఇంజినీరే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని ఒక సంస్థ ఉంది (ఎన్నికల్లో పోటీ చేయదు, కంగారు పడకండి). స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో అది 1988లోనే చెప్పింది. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒళ్ళు హూనం కాకుండా దాటిపోవాలి. 40 మీటర్ల ముందే బోర్డు, బ్రేకర్ మీద చారల రంగు. మా మేస్త్రీ ఎత్తును రెట్టింపు చేసి, వెడల్పును అడుగుకు కుదించాడు. దాంతో కారు ఛాంబర్ బంపుకు తగులుతుంది, స్కూటరు వెనక కూర్చున్న పెద్దావిడకు నడుము పట్టేస్తుంది. కుర్రాళ్ళ బైకులు మాత్రం చివర వదిలేసిన జానెడు సందులోంచి అదే వేగంతో దూసుకుపోతాయి. ఎవరి కోసం వేశామో వాళ్ళు తప్ప అందరూ నెమ్మదించారు.

కొలతలు తెలియని ఊరా అంటే, కాదు. 1967లో పుట్టిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌కు ఆద్యుడైన ఏ.ఎస్. రావు గారి పేరే ఇక్కడ ఒక కాలనీకి ఉంది. ఈసీఐఎల్‌లోనో, అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీలోనో మిల్లీమీటరు తేడా వస్తే సరుకు వెనక్కి తిప్పిపంపిన రిటైర్డు ఇంజినీర్లు ఏ వీధిలో కేకేసినా పలుకుతారు. దేశం ఓటు వేసే యంత్రాలు చేసిన చేతులవి. వీధిలో బంపు కావాలా వద్దా అని మాత్రం వాళ్ళను ఎవరూ ఓటు అడగలేదు.

అడగడానికి ఏర్పాట్లు లేవనడం అన్యాయం. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. 2007లో కాప్రా మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2023 జూన్‌లో పాలనను గడప దాకా తెస్తామని అప్పటి 150 డివిజన్లకూ వార్డు ఆఫీసులు ప్రకటించారు, ఒక్కోదానికి పదిమంది సిబ్బంది. చెత్తకు ఒకరు, నీళ్ళకు ఒకరు, కరెంటుకు లైన్‌మన్, మొక్కలకు ఒకరు, దోమలకు ప్రత్యేకంగా ఒకరు. ట్రాఫిక్‌కు ఎవరూ లేరు. గల్లీలో దోమ తిరిగితే జవాబుదారీ ఉంది. వాటర్ ట్యాంకరు తిరిగితే మన పిల్లల్ని మనమే లోపలికి పిలుచుకోవాలి.

2025 జనవరి 6న చర్లపల్లి రైల్వే టెర్మినల్ ప్రారంభమయ్యాక రైలు అందుకునే తొందర కూడా మా గల్లీలకు వచ్చింది. ఫోన్‌లో మ్యాపు అడ్డదారి చూపిస్తుంది. ఆ అడ్డదారిలో పిల్లలు మూడు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుతున్న సంగతి దానికి తెలియదు.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1960ల చివర వీధి జనం ఓపిక నశించి, రోడ్డు ఇటుకలు పెకిలించి, బండ్లు మెలికలు తిరిగి మెల్లగా పోయేలా పేర్చుకున్నారని చెబుతారు. అంటే మా మేస్త్రీ లాంటి వాళ్ళే. కాకపోతే అక్కడ ఊరి సిబ్బంది దాన్ని చూసి నేర్చుకున్నారు, 1976లో అలాంటి వీధులకు చట్టమే వచ్చింది. మన దగ్గర సిబ్బంది చూపు బంపు మీద పడేది పెద్దాయన కాన్వాయ్ వస్తున్న ముందురోజు రాత్రే. కాన్వాయ్ పోయాక మళ్ళీ మేస్త్రీ వస్తాడు.

ఇక ఊహకు అందని సంగతి ఊహించుకుందాం. ఒక ఆదివారం ఒక అధికారి నిజంగానే టేపు పట్టుకుని కాలనీకి వచ్చాడు.

"ఎక్కడ వేయమంటారు సార్?"

అందరికీ బంపు కావాలి. ఎవరి గేటు ముందూ వద్దు. గేటు ఎదుట ఎత్తు వాస్తుకు పడదని ఒకాయన. రాత్రంతా బండ్లు ఎగిరిపడే చప్పుడుకు బీపీ పెరుగుతుందని ఇంకొకాయన. "మా అమ్మాయి పెళ్ళయ్యే దాకా ఆగండన్నా, కార్లొస్తయ్" అని మూడో ఆయన. రిటైర్డు ఇంజినీరు గారు నోటుబుక్కు తీసి, అసలు బంపే అక్కర్లేదు, రెండుచోట్ల తొట్లు పెట్టి రోడ్డు ఇరుకు చేస్తే వేగం దానంతటదే తగ్గుతుందని బొమ్మ గీసి చూపించారు. బొమ్మ అందరికీ నచ్చింది.

"మరి నా కారు ఎక్కడ పెట్టుకోవాలె సార్?" అన్నారు కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటు గారు. నోటుబుక్కు మూతపడింది.

చివరికి మూలమీది ఇల్లు ఖాయమైంది. అక్కడ ఉండేది అద్దెవాళ్ళు. అసోసియేషన్‌లో ఓనర్లకే సభ్యత్వం కాబట్టి వాళ్ళను మీటింగుకు పిలవలేదు. అధికారి టేపు చుట్టుకుని కాగితం మీద రాసుకున్నాడు: "స్థానికుల ఏకగ్రీవ ఆమోదంతో."