చుక్క పడని పాస్‌వర్డ్

పెళ్లి ఫొటోలు నాలుగు వందలు, అన్నిటికీ పేర్లు మార్చాలి. "ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చుంటావా బాబాయ్? టెర్మినల్ తెరువు, ఒక్క లైనుతో అయిపోతుంది" అన్నాడు మా అన్నయ్య కొడుకు ఫోన్లో. ఆ ఒక్క లైనుకే ఆదివారం కాస్తా అయిపోయింది.

ముందు నా విండోస్ ల్యాప్‌టాప్. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, వాడు చెప్పినట్టే ఎల్‌ఎస్ అని కొట్టాను. అలాంటిదేదీ ఎరగనంది. అక్కడ డిర్ అనాలట. పక్కనే పవర్‌షెల్ తెరిస్తే అదే ఎల్‌ఎస్‌కి బుద్ధిగా జవాబిచ్చింది. ఒకే కొంపలో పొయ్యిలు వేరుపడ్డ అన్నదమ్ముల వ్యవహారం! "అదంతా ఎందుకు, డబ్ల్యుఎస్‌ఎల్ వేసుకో" అన్నాడు మావాడు. 2016లోనే లినక్స్ విండోస్ ఇంటికి ఇల్లరికం వచ్చిందట. వచ్చింది సరే, అల్లుడుగారి గదిలో అడ్డగీత వెనక్కి కాదు, ముందుకి వాలాలి. మన సీ డ్రైవు ఎంఎన్‌టీ అనే ఫోల్డరులో ఒదిగి కూర్చోవాలి. అత్తారింటి తిండి తింటూ అలవాట్లు మాత్రం మార్చుకోని బాపతు.

పడలేక మా అమ్మాయి మ్యాక్ తెరిచాను. అందులో టెర్మినల్ యుటిలిటీస్ ఫోల్డరులో, అటక మీది జాడీలా ఓ మూల ఉంది. నా పాత నోట్సేమో బ్యాష్ కాలం నాటిది. 2019లో కేటలీనా వచ్చినప్పుడే అక్కడ జెడ్‌షెల్ గద్దెనెక్కింది. నోట్సులో లైను మొదట ఉన్న డాలరు గుర్తు ప్రాంప్టని తెలియక, దాన్నీ కలిపి కొట్టాను. డాలరు అనే కమాండే లేదంది. మా వీధిలో డాలరు చెల్లకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

చివరికి మావాడు వదిలేసిపోయిన పాత ఉబుంటు పెట్టె. కంట్రోల్, ఆల్ట్, టీ నొక్కగానే తలుపు తీసింది. రీనేమ్ అనే ప్రోగ్రామ్ వేద్దామని సుడో అన్నాను. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. చుక్క లేదు, నక్షత్రం లేదు, కర్సరు కదిలితే ఒట్టు. కీబోర్డు పోయిందనుకుని బోర్లించి తట్టాను. రెండు చేగోడీ ముక్కలు, ఒక జీలకర్ర గింజ రాలాయి. మళ్లీ కొట్టాను. ఊహూఁ. ఈసారి టకటకా బాదాను. ఆ చప్పుడుకి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"కనపడదు బాబాయ్, కానీ తీసుకుంటుంది. ఎంటర్ నొక్కు" అన్నాడు ఫోన్లో మావాడు.

"పెళ్లిచూపుల్లో నేనూ తలెత్తలేదు. అన్నీ విన్నాను" అంది మా ఆవిడ.

ఎంటర్ నొక్కాను. సారీ, మళ్లీ ప్రయత్నించమంది. క్యాప్స్ లాక్ దీపం అప్పటిదాకా నాకూ కనపడలేదు.