చెక్‌పోస్టు ఎత్తు ఎక్కిన బస్సు ఆత్మకథ

కోఠి నుంచి కొండాపూర్ వెళ్లే 127కె సిటీ బస్సు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా పోతుంది. ఈ ఆత్మకథ ఆ రూటులో పదిహేనేళ్లు తిరిగిన ఒక మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుది. డిపోలో బస్సును నంబరుతోనే పిలుస్తారు. ‘నేను’ అనుకునే అలవాటు దానికి లేదు కాబట్టి ఇక్కడ కూడా అది తన గురించి ‘ఈ బస్సు’ అనే చెప్పుకుంటుంది.

ఈ బస్సు 2010లో రోడ్డెక్కింది. అంతకు ముందు ఏడాది, ప్రపంచ మాంద్యంతో దెబ్బతిన్న వాహన పరిశ్రమకు ఊతమివ్వడం కోసం కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ నగర పునరుద్ధరణ పథకం కింద నగరాలకు బస్సుల కొనుగోలు సాయం ప్రకటించింది. జనాభా 40 లక్షలు దాటిన హైదరాబాద్ లాంటి నగరాలకు ధరలో 35 శాతం కేంద్రం ఇచ్చింది. మిగతాది రాష్ట్రం, స్థానిక సంస్థలు సమకూర్చుకోవాలి. అలా కొనడానికి డబ్బు దొరికింది. నడపడానికి మాత్రం ఆ పథకంలో ఏమీ లేదు. బస్సును కొనేది ఒక్కసారే. డీజిలు, టైర్లు, బ్రేకులు, డ్రైవరు కండక్టర్ల జీతాలు మాత్రం ప్రతి తెల్లవారుజామునా కావాలి. చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో ఆగుతూ, ఎత్తు మీద మళ్లీ కదులుతూ పోయే బండి తాగేంత డీజిలు, హైవే మీద సాఫీగా పోయే బండి తాగదు. ఉదయం పూట మాదాపూర్ వైపు ఫుట్‌బోర్డు దాకా జనం ఉంటే, తిరుగు ట్రిప్పులో సగం సీట్లు ఖాళీ. సిటీ సర్వీసు నష్టానికి మొదటి కారణం ఇదే. దాన్ని సిబ్బంది అసమర్థతగా చూడటం అన్యాయం.

ఈ నష్టాల లెక్క వెనక పాత చరిత్ర ఉంది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. అది 1951లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ శాఖగా మారింది, 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. కార్పొరేషన్లకు ఆధారమైన 1950 నాటి చట్టంలో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ప్రజలకు చాలినంత, చౌకైన, పొందికైన రవాణా ఇవ్వాలని 18వ సెక్షన్ చెబుతుంది. వ్యాపార సూత్రాల మీద నడవాలని 22వ సెక్షన్ చెబుతుంది. రెండింటి మధ్య లోటు ఎవరు పూడ్చాలన్న ప్రశ్న ఈ బస్సు బతికినన్నాళ్లూ తేలలేదు.

ఈ బస్సు దారికి దగ్గర్లోని సినిమా పేట ఫిలింనగర్‌కు ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. తెలుగు సినిమాను మద్రాసు నుంచి రప్పించడానికి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం రాళ్లగుట్టల మీద స్థలాలిచ్చింది, ఇక్కడ తీసిన సినిమాలకు రాయితీలిచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో తెరుచుకుంది. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. పరిశ్రమ వేళ్లూనుకోవడానికి దశాబ్దాలు పట్టింది, అన్నాళ్లూ ప్రభుత్వ చేయూత నిలిచింది. అయితే ఆ పరిశ్రమలో కార్లున్నవారు కొందరే. లైట్‌మెన్, కాస్ట్యూమర్లు, మేకప్ అసిస్టెంట్లు, జూనియర్ ఆర్టిస్టులు కృష్ణానగర్, ఇందిరానగర్ గదుల్లో అద్దెకుంటారు, లేదా మణికొండ వైపు చిత్రపురి కాలనీలో ఉంటారు. షూటింగు ఉన్న రోజు ప్రొడక్షన్ వాళ్లు బండి పంపుతారు. షూటింగు లేని రోజే వేషం కోసం, పని కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఈ బస్సు ఎక్కేది ఆ రోజునే, చేతిలో డబ్బు లేని రోజునే. బంగళాల్లో పనిచేసే ఆడవాళ్లు, వాచ్‌మెన్ కూడా అంతే. వాళ్ల టికెట్టుతో ఈ బస్సు ఖర్చంతా రాబట్టాలంటే ముందు దిగిపోయేది వాళ్లే.

లోటు పూడ్చే ప్రయత్నాలు లేకపోలేదు, కానీ ఏవీ నిలబడలేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో నగరపాలక సంస్థ సిటీ బస్సుల నష్టానికి రెండేళ్లలో రూ.336 కోట్లు ఇచ్చి ఆపేసింది. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగినప్పుడు ఆగిపోయిన ఆ చెల్లింపుల సంగతి హైకోర్టులో చర్చకు వచ్చింది. సమ్మె ముగిశాక చార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెరిగాయి. నగరంలో దాదాపు 3,800గా ఉన్న బస్సులు మూడు వేల లోపుకు దిగాయి. మరుసటి ఏడాది కరోనాతో ఆరు నెలలు డిపోలోనే నిలిచిపోయిన సిటీ బస్సులు 2020 సెప్టెంబరు 25న, నాలుగో వంతు సంఖ్యతో మళ్లీ బయటికొచ్చాయి. సరిగ్గా ఆ రోజే జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 కొసన రూ.184 కోట్ల దుర్గం చెరువు తీగల వంతెన ప్రారంభమైంది. వంతెన మీద పోయే కార్ల నుంచి ఆ డబ్బు రాలేదని, అది నష్టాల్లో ఉందని ఎవరూ అనరు, అనకూడదు కూడా. అది రోడ్డు, ఊరికి అవసరం. బస్సుకూ అదే లెక్క వర్తించాలి.

2019 మే నుంచి చెక్‌పోస్టు మెట్రో స్టేషన్ ఈ బస్సు నెత్తి మీదే ఉంది. ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టిన ఆ మెట్రో తొలి దశను కూడా అప్పుతో సహా తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం అంగీకరించింది. పట్టాల మీద నడిచినా టైర్ల మీద నడిచినా నగర రవాణా చివరికి ఖజానా గుమ్మం ముందుకే వచ్చింది.

నిలకడైన డబ్బుకు ఈ బస్సు చూసిన దగ్గరి రూపం మహాలక్ష్మి పథకం. 2023 డిసెంబరు 9 నుంచి కండక్టరు టికెట్ మిషను మీద మహిళలకు జీరో టికెట్ కొడతాడు, దాని విలువను ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. 2025 జూలైకి అలాంటి ప్రయాణాలు 200 కోట్లు, వాటి విలువ సుమారు రూ.6,680 కోట్లు. దీన్ని ఉచితం అనడం కంటే, మనిషి ఎక్కిన ప్రతిసారీ ఖజానా టికెట్టు కొనడం అనాలి. ఇందులోనూ ఒక లోపం ఉంది: డబ్బు బడ్జెట్ విడుదల మీద ఆధారపడుతుంది, బస్సుల సంఖ్య జనం పెరిగినంత పెరగలేదు. ఫ్రాన్సులో దీనికి వేరే దారి ఉంది. పారిస్ ప్రాంతంలో 1971 నుంచి సంస్థల యజమానులు తామిచ్చే జీతాల మొత్తం మీద రవాణా పన్ను కడుతున్నారు. ఆ రాబడి రవాణాకే పోతుంది, ఏ ఏడాదికా ఏడాది ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. మాదాపూర్ కంపెనీలు, జూబ్లీహిల్స్ ఆఫీసులు, స్టూడియోలు బస్సు దింపే మనుషులతోనే తెరుచుకుంటాయి కాబట్టి ఇక్కడా అలాంటి పన్ను న్యాయమే.

పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించడం లేదు. ఆ నిబంధన కింద ఈ బస్సు 2025లో స్క్రాప్‌కు వెళ్లింది. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. వాటిని ఆర్టీసీ కొనదు. నడిపే కంపెనీకి కిలోమీటరు చొప్పున ఏళ్ల తరబడి చెల్లిస్తుంది. ఎక్కినవాళ్లు తక్కువైనా, బడ్జెట్ ఆలస్యమైనా, బండి తిరిగిన ప్రతి కిలోమీటరుకూ ఆ బిల్లు వస్తుంది.