చాడ్ పెన్నింగ్టన్ చేతిలో బంతి

ఈ అమెరికన్ ఫుట్‌బాల్ బంతి గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. నాలుగు ఆవుతోలు ముక్కలను తిరగేసి కుట్టి, మళ్లీ సరైన వైపుకి తిప్పి, పొట్టలో బ్లాడర్ పెట్టి, పైన తెల్లటి లేసు బిగిస్తే తయారవుతుంది. బరువు 400 గ్రాములకు అటూ ఇటూ. అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని ఎయిడా అనే చిన్న ఊరు దీని పుట్టిల్లు. అక్కడి విల్సన్ ఫ్యాక్టరీలో 1955 నుంచీ ఇదే పని. బంతికి సొంత నడక ఉండదు. దాని ఆత్మకథ అంటే విసిరిన చేతుల కథే. వాటిలో ఈ బంతి మరిచిపోలేని చెయ్యి, జట్టు కోసం పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ చాడ్ పెన్నింగ్టన్‌ది.

ఆ చేతికి గొప్ప బలమేమీ లేదు. అంతకంటే దూరం విసిరేవాళ్లు అప్పట్లో చాలామంది ఉన్నారు. అయితే సెంటర్ ఆటగాడు కాళ్ల సందులోంచి బంతి అందించకముందే అతని కళ్లు ఎదుటి జట్టును చదివేసేవి. వెనకాల కాపలా ఒకరా, ఇద్దరా? మీదికి దూకబోయేది ఎవరు? నాలుగడుగులు వెనక్కి వేసి, లేసు మీద వేళ్లు ఆనించి, అందుకోవాల్సినవాడు ఇంకా తల తిప్పకముందే వదిలేవాడు. ఈ బంతి ఖాళీ జాగాకి బయల్దేరేది. అది చేరేసరికి అక్కడ రెండు చేతులు సిద్ధంగా ఉండేవి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతను విసిరిన పాసుల్లో 66 శాతం సొంతవాళ్లకే చేరాయి.

ఆ చదువరితనం తరగతి గదిలోనూ కనిపించింది. వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్‌లో, మార్షల్ యూనివర్సిటీలో అతను జర్నలిజం చదివాడు. రోడ్స్ స్కాలర్‌షిప్ తుది పోటీదాకా వెళ్లాడు. చదువు, ఆట, నడవడి మూడూ చూసి ఇచ్చే డ్రాడీ ట్రోఫీ 1999లో అతనిదే. అదే ఏడాది, కాలేజీ ఆటగాళ్లలో మేటికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓట్లలో అయిదో స్థానం. పుస్తకం, మైదానం ఒకదానికొకటి అడ్డమనేవాళ్లకు ఆ ఒక్క సంవత్సరం చూపిస్తే చాలు.

హంటింగ్టన్‌కు ఈ ఆట కాలక్షేపం కాదు. 1970 నవంబర్ 14న మార్షల్ జట్టు తిరిగొస్తున్న విమానం కూలి 75 మంది పోయారు. ఆ గాయంలోంచి మళ్లీ కట్టుకున్న జట్టు 1999లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 13 గెలిచింది. కాన్ఫరెన్స్ ఫైనల్లో వెస్టర్న్ మిషిగన్ 23-0తో ముందుకెళ్లిపోయింది. పెన్నింగ్టన్ తొందరపడలేదు. ఒక్కో పాసుగా దూరం తగ్గించుకుంటూ వచ్చి, చివరి సెకన్లలో టచ్‌డౌన్ విసిరి 34-30తో గెలిపించాడు. ఈ బంతి జీవితంలో అంతకంటే గొప్ప సాయంత్రం లేదు.

2000లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జెట్స్ జట్టు అతన్ని 18వ ఎంపికగా తీసుకుంది. తర్వాత భుజం మొరాయించింది, శస్త్రచికిత్సలు జరిగాయి. గాయాల నుంచి కోలుకుని మళ్లీ మెరిసినవారికిచ్చే పురస్కారం 2006లో వచ్చింది, 2008లో మళ్లీ వచ్చింది. ఆ రెండోసారి అతను మయామీ డాల్ఫిన్స్‌తో ఉన్నాడు. అంతకుముందు ఏడాది 16 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచిన జట్టు, అతను వచ్చాక 11 గెలిచింది. ఆ సీజన్ చివరి మ్యాచ్‌లో, అతన్ని వదులుకున్న జెట్స్‌నే ఓడించి డివిజన్ టైటిల్ అందుకుంది.

భుజం ఆగిపోయింది గానీ చూపు ఆగలేదు. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో సేయర్ స్కూల్ పిల్లలకు అతను కోచ్ అయ్యాడు. ఎదుటివాడి పాదాలు ఎటు తిరిగాయో చూడటం, రెండో దారి ముందే ఆలోచించి పెట్టుకోవడం: ఇవన్నీ నేర్పగలిగేవే. అక్కడ నేర్చుకున్నవాళ్లలో అతని కొడుకు కోల్ కూడా ఉన్నాడు. 2023లో కోల్ మార్షల్ జట్టుకే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు.