సటీకా తాత్పర్య థానోస్ వివాదము

మూలం: “డార్క్‌సైడ్‌కి కాపీయే కదా మీ థానోస్, ఊరుకో బ్రో!”

టీక: డార్క్‌సైడ్‌కి = డీసీ కామిక్స్‌లో అపోకలిప్స్ గ్రహాన్ని ఏలే ప్రభువునకు; కాపీయే కదా = నకలే సుమా; మీ = మార్వెల్ మతస్థులైన మీయొక్క; థానోస్ = గడ్డం నిండా గాట్లుగల ఊదారంగు దేహుడు; ఊరుకో = వాదము చాలింపుము; బ్రో = ఓ సోదరుడా. కోపం ముదిరేకొద్దీ ఈ సంబోధన ఎక్కువ వినబడుతుంది.

అన్వయం సులభం. చిక్కంతా తాత్పర్యంలోనే.

వక్త డీసీ పక్షంవాడు. ప్రమాణం గట్టిదే. డార్క్‌సైడ్‌ను జాక్ కర్బీ 1970లో సృష్టించాడు. థానోస్ 1973లో ‘ఐరన్ మ్యాన్’ 55వ సంచికతో బయటికొచ్చాడు. సృష్టికర్త జిమ్ స్టార్లిన్ దాచుకోలేదు కూడా. తాను మొదట గీసిన థానోస్ బక్కపలచగా, కర్బీ సృష్టే అయిన మెట్రాన్‌లా ఉండేవాడట. ఎడిటర్ రాయ్ థామస్ చూసి, ఎత్తుకొచ్చేదేదో డార్క్‌సైడ్‌నే ఎత్తుకురమ్మన్నాడట. థానోస్‌కు ఒళ్లొచ్చింది అలాగే. కన్నతండ్రే సాక్ష్యం చెప్పాక ఇక విచారణ ఎందుకు?

పూర్వపక్షం: సినిమా గొడవకు సినిమాయే ప్రమాణమంటాడు మార్వెల్ వాది. 2012 ‘అవెంజర్స్’ చివర్లోనే థానోస్ ఓ నవ్వు నవ్వి వెళ్లాడు. 2017 ‘జస్టిస్ లీగ్’లో డార్క్‌సైడ్ స్టెపెన్‌వుల్ఫ్‌ను ముందుకు తోసి తాను మొహం చూపలేదు, 2021లో జాక్ స్నైడర్ నాలుగు గంటల కూర్పు వచ్చాక గానీ దర్శనం కాలేదు. తెలుగు వాదికి మరో అస్త్రముంది. తెలుగు ‘ఇన్ఫినిటీ వార్’లో థానోస్‌కు గొంతిచ్చింది రానా. భల్లాలదేవుడి గొంతును నకలనడానికి నోరెలా వస్తుంది?

సిద్ధాంతం: ఇద్దరూ సగోత్రీకులే. కెప్టెన్ అమెరికాను 1941లో జో సైమన్‌తో, ఫెంటాస్టిక్ ఫోర్‌ను 1961లో స్టాన్ లీతో కలిసి సృష్టించిన ఆ కర్బీయే 1970లో మార్వెల్‌ను వదిలి డీసీకి వెళ్లి డార్క్‌సైడ్‌ను గీశాడు. అంటే మార్వెల్ ఇంట్లోంచి వెళ్లినవాడి బొమ్మ చూసి మార్వెల్‌వాళ్లే ఇంకో బొమ్మ గీసుకున్నారు. దీన్ని దొంగతనమంటారో, పుట్టింటి సారె అంటారో వాదులే తేల్చుకోవాలి.

విశేషం: “థానోస్ చెప్పిందాంట్లో లాజిక్ ఉంది” అనే శాఖ ఒకటి, జనం సగమైతే వనరులు సరిపోతాయన్న సినిమా థానోస్ మాటను పట్టుకుని, బయల్దేరింది. 2018లో ప్రపంచ జనాభా సుమారు 760 కోట్లు. థానోస్ చిటికె వేసి సగం మందిని మాయం చేస్తే మిగిలేది 380 కోట్లు. 1970ల మొదట్లో, అంటే థానోస్ కామిక్స్‌లో పుట్టిన రోజుల్లో, ఉన్న జనం ఇంచుమించు అంతే! యాభై ఏళ్లు తిరక్కముందే మళ్లీ రెట్టింపయ్యారు. ఇంత శ్రమపడినవాడు ఆ లెక్కొకటి చూసుకోవద్దూ? 1991 నాటి ‘ఇన్ఫినిటీ గాంట్లెట్’ కామిక్‌లోని థానోసే నయం. మృత్యుదేవి మెప్పు కోసం చంపాడు గానీ ఆర్థికశాస్త్రం జోలికి పోలేదు.

ప్రక్షిప్తం: ఓటమి కనబడగానే డీసీ వాది జోకర్‌ను దించుతాడు. ఒకే పాత్రకు ఇద్దరు నటులకు ఆస్కార్లు: 2009లో మరణానంతరం హీత్ లెడ్జర్‌కు, 2020లో హోకిన్ ఫీనిక్స్‌కు. మార్వెల్ వాది ‘ఎండ్‌గేమ్’ వసూళ్లు చూపిస్తాడు, దాదాపు 280 కోట్ల డాలర్లు. నటనకు నగదుతో జవాబివ్వవచ్చునా అన్న శంకకు మూలంలో సమాధానం ఉండే ఉంటుంది. ఇంటర్వెల్ అయిపోయి ఇద్దరూ సీట్లలోకి వెళ్లినందున తరువాతి వాక్యాలు అలభ్యం.