నాలో ఉడికినవే నాలో మొలిచాయి

నేను సిల్వర్ బగోనెను. నన్ను అల్యూమినియం అని పిలిచినవాళ్లు మా పాతబస్తీలో ఎవరూ లేరు. బేగంబజార్‌లో తూకం వేసి అమ్మితే లాల్‌దర్వాజా వంటమేస్త్రి ఒకాయన కొనుక్కున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆయన వెంట తిరిగాను. పెళ్లిళ్లకు బిర్యానీ, ఆషాఢంలో బోనాలకు బగారన్నం. మూత అంచుకు పిండి చుట్టి, పైన నిప్పులు పేర్చి దమ్ము పెడితే లోపల పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి ఒకదానిలో ఒకటి ఎలా కలిసిపోతాయో నా ఒంటికి తెలుసు. మూత తీయగానే వీధి మలుపులో ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగేవారు.

ఒక పెళ్లిలో కట్టెల మంట ఎక్కువై అడుగు మాడి చిల్లి పడింది. రెండుసార్లు మాటు వేయించారు. మూడోసారి మాటు వేసేవాడే వల్ల కాదన్నాడు. పాతసామాన్ల బండికి వేయబోతుంటే మేస్త్రి కోడలు అడ్డం వచ్చింది. "నీళ్లు పోయేతందుకు చిల్లి ఉండనే ఉండె గద మామా, మట్టి పోసి చెట్టు పెడ్త" అంది. ఆ మాటతో వంటింటి నుంచి మిద్దె మీదికి చేరాను.

ఆమె నాలో ముందు టమాటా నాటింది. పక్క డబ్బాలో చిక్కుడు, పాత టబ్బులో పల్లీలు. కాయలు ఎరుపెక్కే వారానికి కోతులు వచ్చాయి. నడినెత్తిన పాపిడి తీసినట్టు వెంట్రుకలుండే మన ఊరి కోతులే. గోడలు, నీళ్ల ట్యాంకులు దాటుకుంటూ దిగి, కూర్చుని తినే పని కూడా పెట్టుకోలేదు. దవడ సంచుల్లో కుక్కుకున్నాయి. తిన్నవాటికన్నా కొరికి పారేసినవే ఎక్కువ. చిక్కుడు తీగ కిందికి లాగి పువ్వుతో సహా దులిపేశాయి. మట్టి తవ్వి లేత పల్లీలు ఏరుకున్నాయి. ఆ పొద్దు కోడలు చీపురు పట్టుకుని నా పక్కనే చాలాసేపు కూర్చుంది. "తినేది తినకపోయిన్రా, గిట్ల కొరికి పారేస్తె పాణం ఉసూరుమంటది" అంది. పల్లెల్లో ఎకరాలకెకరాల పల్లీ చేను కోతులకే వదిలి, పంటే మానుకున్న రైతుల బాధ నాకు అప్పుడు కొంత అర్థమైంది.

అయినా కోతుల మీద నాకు కోపం రాలేదు. మర్రి, మేడి, తునికి, రేగు చెట్లు కొట్టేసిన చోటి నుంచే అవి మన మిద్దెల దాకా నడిచొచ్చాయి. నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. పండ్ల చెట్లు పెరగకుండా ఆ లెక్క తీరదని నా నమ్మకం.

పక్కింటి ఖాలా పిట్టగోడ మీంచి చూసి, మీరాలం మండిలో తెచ్చిన పుదీనా కట్టలోంచి ఆకులు గిల్లేసిన కాడలు ఇచ్చింది. "ఇవి గుచ్చు బేటీ, కోతి దీని మొహం చూడదు." కాడలు నాటుకున్నాయి. మళ్లీ గుంపు వచ్చింది. ఒక పెద్దకోతి నాలో చెయ్యి పెట్టి ఆకు నలిపింది, వాసన చూసింది, చెయ్యి నా అంచుకు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత కోడలు ఉల్లి, వెల్లుల్లి రెబ్బలు, అల్లం, పసుపు, మిరప పెట్టింది. పిట్టగోడ పక్కన కరివేపాకు. ఏదీ కోతి ముట్టలేదు.

ఇరవై ఏళ్లు నాలో ఉడికినవన్నీ ఇవే! మనిషి ఏరికోరి తినే ఘాటు, మొక్క తనను తినొద్దని చెప్పే మాట. మేస్త్రి మనవడు ఇంటర్ బైపీసీ చదువుతూ మిద్దె మీద పచార్లు చేస్తూ బిగ్గరగా వల్లెవేసేవాడు, నేను వినేదాన్ని. వెల్లుల్లి రెబ్బ మామూలుగా ఉంటే అంత వాసన రాదు. కొరికితేనే, నలిపితేనే లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి ఆ గంధకపు ఘాటు పుడుతుంది. కొరికినవాడి నోటికి అక్కడికక్కడే జవాబన్న మాట. మిరపకాయ మంట గింజలో కాదు, గింజలు పట్టుకునుండే తెల్లటి పొరలో ఉంది. ఆ మంటను మన నరాలు ఎలా పట్టుకుంటాయో కనిపెట్టినందుకే శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో భాగం దక్కింది. పుదీనా చల్లదనం తెలిసే ద్వారాన్ని కనుక్కున్నవాళ్లలోనూ ఆయన ఉన్నాడు. పుదీనా, మిరప రెండూ చేరిన అన్నం వండినదాన్ని కాబట్టి ఆ కబురుకు నా ఒళ్లు పులకరించింది.

మిరప దగ్గర మాత్రం కోడలు మళ్లీ దెబ్బతింది. కోతి, ఉడుత వదిలేసిన కాయను రామచిలక ఒంటికాలితో పట్టుకుని తీరిగ్గా ఒలుచుకు తింది. పిట్టలకు మిరప మంట తెలియదు. పిగిలిపిట్ట అయితే చిన్న కాయలను మింగి గింజలను రెట్టతో వేరే చోట వేస్తుంది. పళ్లున్న జంతువు నమిలితే గింజ నలిగిపోతుంది. అమెరికాలోని అరిజోనాలో అడవి మిరప మీద పరిశోధించినవాళ్లు 2001లో ఈ సంగతే రాశారు. చిలక మాత్రం గింజలనూ కొరికేస్తుంది, దాని వల్ల మిరపకు ఒరిగేదేమీ లేదు. మిరప చెట్టుకు కోడలు పాత దోమతెర చుట్టింది.

కరివేపాకు సంగతీ అంతే. ఆకు కోతికి పట్టదు గానీ నిమ్మచెట్ల మీద తిరిగే సీతాకోకచిలుక పిల్లలకు అదే పాలబువ్వ. నల్లగా పండిన కాయ కోకిలకు ఇష్టం. ఎవరూ ముట్టని మొక్క అంటూ నేను ఒక్కటీ చూడలేదు. ఒకరు వదిలింది ఇంకొకరికి వస్తుంది.

ఇప్పుడు ఆ పిల్లవాడు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. మక్కచేను చుట్టూ ఆముదం వేస్తే అడవిపందికి మక్క వాసన అందదనీ, పల్లీచేను చుట్టూ కుసుమ వేస్తే ముళ్లకు వెనక్కి తగ్గుతుందనీ అక్కడి శాస్త్రవేత్తలు రైతులకు చెప్తారట. పందికి చూపు తక్కువ, ముక్కే దారి చూపాలి. వచ్చి ఈ మాట చెప్పగానే తల్లి వేరే కుండీలో మళ్లీ టమాటా నాటి, దాన్ని మధ్యకు జరిపి, చుట్టూ పుదీనా, వెల్లుల్లి పేర్చింది. మూడు కాయలు ఇంటికి మిగిలాయి. ఎర్రటి పండు ఎదురుగా కనపడ్డాక కోతి ముక్కును నమ్ముకోదు, నేను చూస్తూనే ఉన్నాను.

పెరట్లో దానిమ్మ ఉంది. కింది కాయలకు గుడ్డసంచులు కట్టారు. పై కొమ్మల కాయలు ఉడుతలకు, చిలకలకు వదిలేశారు. "పైకి నా చెయ్యి అందదు, అందేటోళ్లు తిననియ్యి" అంటుంది కోడలు.

నిరుడు బోనాల పొద్దున ఆమె గంప పట్టుకుని మిద్దెకెక్కింది. నాలోంచి రెండు పిడికిళ్ల పుదీనా, దోమతెర విప్పి ఆరు మిరపకాయలు కోసింది. కింద మేస్త్రి కొత్త బగోనె పొయ్యి మీద పెట్టాడు. కాసేపటికి షాజీరా, లవంగం వేగిన వాసన, ఆ వెనకే నా పుదీనా వాసన మెట్లెక్కి వచ్చాయి. ట్యాంకు మీద తల్లికోతి పొట్టను కరుచుకున్న పిల్ల ముక్కు ఎగబీల్చి, మొహం తల్లి ఒంట్లో దాచుకుంది.